తాగుడు మానేందుకు మీటింగ్ దొరకనప్పుడు: సమస్య - పరిష్కారం

తాగుడు మానాలని నిశ్చయించుకున్న మనిషికైనా, ఆయన ఇంటివారికైనా తమ ఊళ్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ: తాగుడు మానాలనుకునేవారు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుగా నిలిచే సహవాసం) మీటింగ్ ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవడం అంత సులువు కాదు. మా అన్నయ్య కోసం తిరిగినప్పుడు నాకు ఎదురైన చిక్కులను, వాటి కారణాలను, పనికొచ్చిన మార్గాలను ఇక్కడ రాస్తున్నాను.

మీటింగ్ కంటే ముందు డాక్టరు అవసరమయ్యే సందర్భం

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు; ఆ తర్వాత కొందరు లేనివి కనిపిస్తున్నాయని, ఎవరో పిలుస్తున్నారని అంటారు. మద్యం ఇచ్చే మత్తుకు అలవాటు పడిన మెదడు, అది అందకపోయేసరికి అదుపు తప్పి ఉద్రేకపడటమే దీనికి కారణం. ఇది ప్రాణం మీదికి తెచ్చే స్థితి కాబట్టి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందులు ఇవ్వడం ఏఏ పని కాదు, అక్కడివారు ఆ మాట స్పష్టంగానే చెబుతారు.

సమస్య: చిరునామా ప్రకారం వెళ్తే అక్కడ ఎవరూ లేరు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మాకు దొరికిన చిరునామా ఒక బడిది; మేము వెళ్లిన సాయంత్రం దాని ముందువైపు గేటుకు తాళం వేసి ఉంది, వాచ్‌మన్ "ఇక్కడ అలాంటివేమీ జరగవు" అన్నాడు. అన్నయ్య మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. ఆ మనిషిని మళ్లీ బయలుదేరదీయడానికి నాకు మూడు వారాలు పట్టింది. తీరా చూస్తే మీటింగ్ అదే బడిలో, వెనక సందు వైపు గేటు నుంచి వెళ్లే తరగతి గదిలో జరుగుతోంది.

దీనికి కారణం నిర్లక్ష్యం కాదు. ఈ గ్రూపులకు సొంత భవనాలు ఉండవు. బడిలోనో, చర్చి పక్క హాల్లోనో గది అడిగి తీసుకుంటారు. పరీక్షలు గానీ పండగ గానీ వస్తే ఆ గది మారిపోతుంది. వచ్చినవారి పేర్లు బయటపడకూడదన్నది వారి నియమం కాబట్టి పెద్ద బోర్డు కూడా పెట్టరు.

అందువల్ల చిరునామాను నమ్ముకుని బయలుదేరకుండా, ముందు ఫోన్ చేసి ఏ గేటు, ఏ అంతస్తు, ఈ వారం ఏ రోజు, తలుపు దగ్గర ఎవరుంటారు అని అడిగి తెలుసుకోండి. ఫోన్ ఎత్తేవారు కూడా పగలు ఉద్యోగాలు చేసుకునేవారే కాబట్టి, సాయంత్రం చేస్తే దొరికే అవకాశం ఎక్కువ. అసలు నంబరే దొరకకపోతే మద్యం, మత్తు పదార్థాల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446కు, లేదా మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే, తెలుగులో మాట్లాడే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఎర్రగడ్డ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలల వంటి చోట్ల కౌన్సెలర్‌ను అడగడం కూడా మంచిది.

సమస్య: తోడుగా వెళ్లినవారిని లోపలికి రానివ్వలేదు

అది క్లోజ్డ్ మీటింగ్ అయి ఉంటుంది. తాగుడు మానాలనే కోరిక ఉన్నవారు మాత్రమే అందులో కూర్చుంటారు. ఇంటివారు, ఎవరైనా కూర్చోగల ఓపెన్ మీటింగ్ ఎప్పుడుందో అడిగి రావాలి. భార్యలు, తల్లిదండ్రులు, అన్నదమ్ముల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే వేరే సంస్థ ఉంది. అన్నయ్య లోపల ఉన్నంతసేపూ బయట అరుగు మీద కూర్చున్న నాకు, ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో బాగుండేదనిపిస్తుంది.

సమస్య: చేరడానికి డబ్బు అడుగుతున్నారు

అయితే అది ఏఏ కాదు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైన ఈ సహవాసానికి ఫీజు లేదు. మీటింగ్ చివర డబ్బా తిప్పుతారు. వేయగలిగినవారు వేస్తారు, కొత్తవారు వేయనక్కరలేదు. డబ్బు కట్టించుకుని, మనిషిని బలవంతంగా తీసుకెళ్తామనే చోటుకు మాత్రం దయచేసి పంపకండి.

సమస్య: ఒకసారి వెళ్లి, మళ్లీ వెళ్లనంటున్నాడు

కోప్పడకుండా ఎందుకో అడగండి. అందరూ ఇంగ్లీషులో మాట్లాడి ఉండవచ్చు, తెలిసిన ముఖం కనిపించి ఉండవచ్చు, దేవుడి ప్రస్తావన నచ్చక పోవచ్చు. ఒక్కో గ్రూపు తీరు ఒక్కో రకం కాబట్టి, ఒకచోట కుదరకపోతే మరో చోటుకు వెళ్లవచ్చు. దేవుణ్ణి ఎలా అర్థం చేసుకోవాలన్నది ఎవరికి వారే నిర్ణయించుకునే విషయమని వారే చెబుతారు. ఆడవారైతే మహిళల మీటింగ్ ఉందా అని అడగడం మరవకండి. దగ్గర్లో గ్రూపే లేని ఊరైతే ఆన్‌లైన్ మీటింగ్‌తో మొదలుపెట్టవచ్చు. మానాలనుకునేవారు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చున్నా దాన్ని గ్రూపుగానే ఏఏ ఒప్పుకుంటుంది.

సమస్య: మళ్లీ తాగాడు, ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలంటున్నాడు

అక్కడ ఉన్నవారిలో చాలామంది ఆ దారి తొక్కి వచ్చినవారే కాబట్టి, మళ్లీ తాగినంత మాత్రాన వెళ్లగొట్టరు. నాలుగు నెలలు మానిన అన్నయ్య ఒక పెళ్లిలో తాగి, మర్నాడు తల దించుకుని ఆ వెనక గేటు దాకా వచ్చి నిలబడిపోయాడు. తలుపు దగ్గరున్న పెద్దాయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పక్కన కుర్చీ జరిపి, టీ గ్లాసు చేతికిచ్చాడు.