సర్జరీ ఓపీకి వెళ్లే ముందు ఒక తెల్లకాగితం

దేవరకొండలో తెల్లవారుజామున బస్సెక్కి నల్లగొండ చేరి, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి, తీరా సర్జన్ ముందు కూర్చున్నాక "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే సంచిలోని కాగితాలన్నీ తిరగేయడం మాకు ప్రతిసారీ ఎదురయ్యే ఇబ్బంది. ఈసారి అమ్మను తీసుకెళ్లే ముందురోజు రాత్రే ఒక తెల్లకాగితంపై తేదీ వేసి, ఆమె వాడే ప్రతి మాత్ర పేరును, మిల్లీగ్రాములను, వేసుకునే పూటను అట్ట చూసి రాశాను. షుగర్ మాత్రల కింద, రక్తం పలుచబడటానికి వాడే మాత్ర కింద ఎర్రగీత గీశాను. ఆపరేషన్‌కు ముందు వాటిని ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. ఆ తరువాత పాత ఆపరేషన్లు, పడని మందులు, మేము అడగదలచిన 3 ప్రశ్నలు చేర్చాను. రిపోర్టులను కొత్తది పైకి వచ్చేలా పేర్చి, స్కానింగ్ ఫిల్ములను కూడా వెంట ఉంచుకున్నాను. ఫిల్ము కోసం ఒకసారి ఇంటిదాకా తిరిగి వచ్చిన అనుభవం మాకు ఉంది. ఆధార్ జిరాక్సులు 2 కూడా పెట్టుకున్నాను.

అయితే మందుల దుకాణంలో కత్తిరించి ఇచ్చిన అట్టపై పేరు, మోతాదు కనిపించకపోతే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు ఊహించి రాయకుండా ఆ అట్టనే వెంట తీసుకెళ్లాలి.