థాయ్ బీఎల్ సిరీస్ చూశాక మీ రియాక్షన్ రాయడం ఎలా?

మంచి ఎపిసోడ్ ఒకటి అయిపోయాక దిండు మొహానికి అదుముకుని అరిచేసి, వెంటనే ఫోన్ తీసి "చచ్చిపోయాను, ఇక నా వల్ల కాదు" అని రాసి, పక్కన వరసగా ఏడుపు ఎమోజీలు పెట్టడం మనందరికీ అలవాటే. అలా రాయడంలోనూ ఆనందం ఉంది. కానీ నెల తర్వాత ఆ పోస్టు చదివితే ఏ సీన్‌కి ఏడ్చామో మనకే తెలియదు, ఇక సిరీస్ చూడని స్నేహితురాలికి ఏం అర్థమవుతుంది? ఈ సిరీస్‌ల గురించి ఇంగ్లిష్‌లో కావలసినంత రాస్తున్నారు. తెలుగులో కూడా రాయాలని, అదీ మనసుకు ఏం తగిలిందో అర్థమయ్యేలా రాయాలని నాకు గట్టిగా ఉంది. అందుకే నేను పాటించే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు. బీఎల్ (బాయ్స్ లవ్) అంటే ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ. థాయ్‌లాండ్‌లో వీటిని సిరీస్ వాయ్ అంటారు. 2014లో లవ్ సిక్, 2016లో ఇంజినీరింగ్ కాలేజీ సీనియర్ జూనియర్ల కథ సోటస్ వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో మొదలైన టుగెదర్ మే దాకా నడిచింది. ప్రపంచమంతా లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న సమయం అది, అందులో నటించిన బ్రైట్, విన్ అనే ఇద్దరు కుర్రాళ్ల పేర్లు దేశదేశాల్లో మోగిపోయాయి. మన దగ్గర కూడా చాలామంది ఈ లోకంలోకి వచ్చింది అప్పుడే.

మొదటి పని: ఏది చూడాలో ఎంచుకోండి

రియాక్షన్ రాద్దామని చూసేటప్పుడు ఒకేసారి నాలుగు సిరీస్‌లు పెట్టుకోకండి, ఒకటి పట్టుకోండి. సరదాగా మొదలుపెట్టాలంటే బ్యాడ్ బడ్డీ, 12 ఎపిసోడ్లు. ఏడవడానికి సిద్ధంగా ఉంటే ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యూ. ఫుకెట్‌లో తీశారు, అయిదే ఎపిసోడ్లు. యూనివర్సిటీ సీటు కోసం చైనీస్ ట్యూషన్‌కి వెళ్లే ఇద్దరు పాత స్నేహితులు, టే, ఓ-ఏవ్, మళ్లీ ఎదురుపడతారు. ఎంట్రన్స్ కోచింగ్ అంటే ఏంటో తెలిసిన మన పిల్లలకి ఆ టెన్షన్ ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. కాలేజీ కథలు విసుగనిపిస్తే మూన్‌లైట్ చికెన్ చూడండి. పట్టాయాలో చికెన్ రైస్ కొట్టు నడిపే జిమ్, అతను పెంచుతున్న మేనల్లుడు, కొట్టుకి వచ్చిన వెన్. అప్పులు, అద్దె, ఒంటరితనం, వీటన్నిటి మధ్య ప్రేమ. పెద్దవాళ్ల కథ కావాలనే వాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే.

ఎక్కడ చూడాలి, ఎప్పుడు చూడాలి

జీఎంఎంటీవీ సంస్థ చాలా సిరీస్‌లను తన యూట్యూబ్ చానెల్‌లో ఉచితంగా పెడుతుంది, ఎపిసోడ్‌ని నాలుగు ముక్కలు చేసి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కోసం సీసీ బటన్ నొక్కాలి. కొన్ని సిరీస్‌లు మన దేశంలో అక్కడ తెరుచుకోవు, వాటికి వేరే అధికారిక యాప్‌లు వెతుక్కోవాలి. దొంగ సైట్లలో చూడకండి అని గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఆ వ్యూస్ చూసే తర్వాతి సిరీస్‌కి డబ్బులు పెడతారు.

ప్రసారం అవుతున్న సిరీస్ అయితే టైమ్ లెక్క గుర్తుంచుకోండి. బ్యాంకాక్ మనకన్నా గంటన్నర ముందు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకి ఏడు. హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే స్పాయిలర్లు, అంటే కథ ముందే చెప్పేసే పోస్టులు, మొదలైపోతాయి. కాబట్టి చూసేదాకా హ్యాష్‌ట్యాగ్ వైపు వెళ్లకండి.

మొదటిసారి చూసేటప్పుడు ఏమీ రాయకండి

ఫోన్ పక్కన పెట్టి మామూలుగా చూడండి, నవ్వు వస్తే నవ్వండి. గుండె ఒక్కసారి పట్టేసిన చోట మాత్రం ఎన్నో నిమిషమో కాగితం మీద రాసుకోండి, అంతే. "మూడో ముక్క, 8.40" చాలు. ఎందుకు అనే ప్రశ్న అప్పుడే వేసుకుంటే సీన్ చేజారిపోతుంది.

రెండోసారి ఆ నిమిషాలకే వెళ్లండి. ఈసారి మ్యూట్ చేసి ఒకసారి, సబ్‌టైటిల్స్ తీసేసి ఒకసారి చూడండి. సగం విషయం ఇక్కడే దొరుకుతుంది. మ్యూట్‌లో నటుడి చేతులు ఏం చేస్తున్నాయో, కెమెరా ఎవరి మొహం మీద ఆగిందో కనిపిస్తుంది. సబ్‌టైటిల్స్ లేనప్పుడు ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తున్నారో వినిపిస్తుంది, అది థాయ్ సిరీస్‌లలో చాలా పెద్ద విషయం. పెద్దవాళ్ల పేరు ముందు పి, చిన్నవాళ్ల పేరు ముందు నొంగ్, మర్యాదకి ఖున్, దగ్గరి స్నేహితులూ కొట్టుకునేవాళ్లూ వాడే మొరటు కూ (నేను), మ్యుంగ్ (నువ్వు). ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఈ తేడాలు చాలావరకు "ఐ", "యూ" కింద పోతాయి. "రా" నుంచి "మీరు" దాకా పిలుపుల్లో తేడాలు వింటూ పెరిగిన మనకి మాత్రం, పిలుపు మారిన క్షణంలోనే వాళ్ల మధ్య ఏదో మారిందని తెలిసిపోతుంది. ఆ మార్పు మీ చెవికి తగిలితే తప్పకుండా రాయండి.

ఇప్పుడు రాయడం: ఒక్క సీన్ పట్టుకోండి

ఎపిసోడ్ మొత్తం కథ చెప్పేయడం రియాక్షన్ అవదు. ఒక్క సీన్ తీసుకుని మూడు విషయాలు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, ఆ సీన్‌లో కళ్లెదుట ఏం జరిగింది, అది మీకెందుకు తగిలింది. ఉదాహరణకి బ్యాడ్ బడ్డీ అయిదో ఎపిసోడ్ తీసుకుందాం. ఇంకా చూడనివాళ్లు ఈ కింది నాలుగు పేరాలు దాటేయండి.

పాట్, ప్రాన్ పక్కపక్క ఇళ్ల పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలకి ఒకరంటే ఒకరికి పడదు, పిల్లల్ని మార్కుల్లో, ఆటల్లో, అన్నిట్లో పోటీకి దించుతారు. ఒకడు ఇంజినీరింగ్, ఇంకొకడు ఆర్కిటెక్చర్, ఆ రెండు ఫ్యాకల్టీలకీ గొడవలు. స్కూల్లో ఇద్దరూ కలిసి స్టేజి మీద పాట వాయించారని తెలిసి ప్రాన్‌ని వాళ్లమ్మ ఏకంగా వేరే స్కూలుకి పంపేసింది. అయిదో ఎపిసోడ్‌లో రాత్రిపూట బిల్డింగ్ పైన ముద్దు పెట్టుకుంటారు, ఆ తర్వాత ప్రాన్ వెళ్లిపోతాడు, పాట్ అక్కడే మిగిలిపోతాడు.

పాట్‌గా ఓమ్, ప్రాన్‌గా నానన్ నటించారు. దీని మీద "ఓమ్, నానన్ యాక్టింగ్ సూపర్, కెమిస్ట్రీ అదుర్స్" అని రాస్తే ఏ సిరీస్‌కైనా అతికిపోతుంది. దాని బదులు నేనైతే ఇలా రాస్తాను:

"ముద్దు పెట్టుకున్నాక ప్రాన్ మొహంలో సంతోషం వెతికాను, భయం కనిపించింది. వీడికి పాట్ అంటే ఇష్టం స్కూల్ రోజుల నుంచీ ఉంది, పాట్‌కి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఒక్కసారి పాట వాయించినందుకే స్కూలు మార్పించిన తల్లి ఇది తెలిస్తే ఏం చేస్తుందో ప్రాన్‌కి తెలుసు, అందుకే ముందు వాడే వెళ్లిపోయాడు. కొత్తగా ప్రేమలో పడ్డవాడు అక్కడే నిలబడ్డాడు, ఏళ్లుగా ప్రేమించినవాడు పారిపోయాడు. నాకు ఏడుపొచ్చింది అందుకే."

పెద్ద పెద్ద మాటలేమీ లేవు చూడండి. కానీ ఇది ఆ సీన్‌కి తప్ప దేనికీ అతకదు, అదే కొలత. మీరు రాసింది ఇంకో సిరీస్ పేరు పెట్టి చదివినా సరిపోతుంటే ఇంకోసారి ఆ నిమిషానికి వెళ్లి చూడాలి.

మీ ఇంటి అనుభవం ఏదైనా కలుస్తుంటే అది కూడా రాయండి. పక్కింటి వాళ్లబ్బాయికి ఎన్ని మార్కులొచ్చాయో చూడు అనే మాట వినని తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారు? పాట్ వాళ్ల నాన్న మాటలు వింటుంటే నాకు మా వీధి మొత్తం గుర్తొచ్చింది.

నచ్చనిది కూడా రాయండి

అభిమానం ఉన్నవాళ్లం కాబట్టే ఇది మన బాధ్యత. పాత సిరీస్‌లలో అవతలి వాడు వద్దంటున్నా ముద్దు పెట్టడం, మత్తులో ఉన్నప్పుడు ముట్టుకోవడం, వాటిని రొమాన్స్ లాగా చూపించడం ఉంది. 2019లో వచ్చిన థార్న్‌టైప్ మీద సమ్మతి విషయంలో అభిమానులే గట్టిగా విమర్శలు చేశారు. "నాకు మగవాళ్లంటే ఇష్టం లేదు, నువ్వొక్కడివే ఇష్టం" అనే డైలాగు ఎన్నో సిరీస్‌లలో వినిపిస్తుంది. వినడానికి తియ్యగా ఉన్నా, గే అనిపించుకోవడం ఏదో తక్కువతనం అన్నట్టు ఉంటుంది నాకు. ఇద్దరిలో ఒకడిని "భార్య" అని ఆట పట్టించడం కూడా అలాంటిదే. బ్యాడ్ బడ్డీ దర్శకుడు నొప్పార్నచ్ చైవిమోల్ అలాంటి పాత అలవాట్లను తెలిసే పక్కకి నెట్టాడు, పైగా పాట్ చెల్లెలు "పా"కి ఇంక్ అనే అమ్మాయితో ప్రేమకథ కూడా పెట్టాడు. ఇలా ఒక సిరీస్‌ని ఇంకోదానితో పోల్చి చెబితే మీ విమర్శకి బలం వస్తుంది. సీన్ మధ్యలో హఠాత్తుగా వచ్చే క్రీముల, చిప్స్ ప్రకటనల మీద ఒక్క వాక్యం చాలు, వాటితోనే సిరీస్ ఖర్చులు వెళ్తాయి.

పాత్రని రాయండి, నటుడి జీవితాన్ని వదిలేయండి

థాయ్ పరిశ్రమలో ఇద్దరు నటుల్ని జంటగా నిలబెట్టి సిరీస్‌లు, ఫ్యాన్ మీట్‌లు, ప్రకటనలు అన్నీ కలిపి చేయిస్తారు. వాళ్లు నిజంగా ప్రేమలో ఉన్నారా అని ఇంటర్వ్యూల్లో చూపులు లెక్కబెట్టి "సాక్ష్యాలు" పోస్టు చేసేవాళ్లు కోకొల్లలు. ఆ పని మీరు చేయకండి. ఎర్త్, మిక్స్ అనే నటులు కలిసి నటించిన తీరు మీద ఎంతైనా రాయండి. ఎ టేల్ ఆఫ్ థౌజండ్ స్టార్స్‌లో ఊరికి వచ్చిన వాలంటీర్ టీచర్‌ని చూసే ఆ అటవీ అధికారి కళ్ల మీద ఒక పేరా రాసినా తక్కువే. కానీ వాళ్లలో ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో అడిగే హక్కు మనకి లేదు. ఒక నటుడికి గర్ల్‌ఫ్రెండ్ ఉందని తెలిసి తిట్టిపోసే పోస్టులు చూసినప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది.

పోస్టు చేసే ముందు

మొదటి లైన్‌లోనే సిరీస్ పేరు, ఎపిసోడ్ నంబరు, స్పాయిలర్ ఉందా లేదా రాయండి. ఫొటో పెడితే ముద్దు సీన్, ఏడుపు సీన్ కాకుండా మామూలు ఫ్రేమ్ పెట్టండి, చూడనివాళ్లకి కథ తెలిసిపోకుండా. వీడియో రియాక్షన్ చేస్తుంటే ఎపిసోడ్ మొత్తం వెనకాల ఆడించకండి, కాపీరైట్ కింద తీసేస్తారు. చిన్న ముక్క చూపించి ఆపి, మాట్లాడి, మళ్లీ చూపించండి. మీ మాటలే ఎక్కువ ఉండాలి.

ఇంకో విషయం, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు చట్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చు. "నాట్ మీ" అనే సిరీస్‌లో కుర్రాళ్లు ఇంద్రధనుస్సు జెండా పట్టుకుని అడిగిన హక్కు అది. మన దేశంలో 2018లో సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదంది, 2023 అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. ఇళ్లలో పరిస్థితి ఇంకా కష్టం. ఈ సిరీస్‌లు చూస్తున్నట్టు ఇంట్లో తెలిస్తే గొడవ అయ్యే పిల్లలు మన మధ్య ఉన్నారు, వాళ్లలో కొందరికి ఇది కాలక్షేపం కాదు, తమ గురించి తాము తెలుసుకునే చోటు. కాబట్టి అవసరమైతే వేరే పేరుతో అకౌంట్ పెట్టుకోండి, స్నేహితుల్ని వాళ్ల అనుమతి లేకుండా ట్యాగ్ చేయకండి, కామెంట్లలో "నువ్వు కూడా అలాంటివాడివేనా" అని ఎవరైనా అడిగితే ఆ కామెంట్ తీసేయండి. జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు.

పోస్టు పెట్టాక కింద వచ్చే మంచి కామెంట్లకి మాత్రం ఓపిగ్గా జవాబివ్వండి, మీరు చూడని కోణం అక్కడే దొరుకుతుంది. సిరీస్ అయిపోయి ఖాళీగా అనిపిస్తే అదే దర్శకుడి పాత పని వెతకండి. బ్యాడ్ బడ్డీ నచ్చినవాళ్లు 2019లో వచ్చిన "హీజ్ కమింగ్ టు మీ" చూడండి, ఎనిమిదే ఎపిసోడ్లు, అదే దర్శకుడు, అదే ఓమ్, ఈసారి దయ్యాలు కనిపించే కుర్రాడిగా. అందులో ఆ కుర్రాడు వాళ్లమ్మతో మనసు విప్పి మాట్లాడే సీన్ వస్తుంది. దాని మీద ఎవరైనా తెలుగులో రాస్తే నాకు చదవాలని ఉంది.