చదును చేపలను గుర్తుపట్టడం – 3వ పాఠం: కళ్ళు ఎటు?

మొప్ప తలుపు, రెక్కలు గుర్తుపట్టడం గత పాఠంలో అయింది. ఈసారి, రెండు కళ్ళూ ఒకే పక్కన ఉండే చదును చేపల్లో ఒకటైన నాలుక చేపను దాని దగ్గరి చుట్టాల నుంచి విడదీద్దాం.

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లోనో, బాహుదా నది సముద్రంలో కలిసే సోనపురం దగ్గరో అలివి వల ఒడ్డుకు లాగే సమయానికి వెళ్ళండి. పెద్ద చేపలు బుట్టల్లోకి పోయాక అడుగున మిగిలే చిల్లరలో ఇవి దొరుకుతాయి. "అక్కా, పాఠానికి ఒకటి ఇవ్వవా" అంటే సాధారణంగా కాదనరు.

రంగు చూసి మాత్రం పేరు చెప్పకండి. చర్మంలోని రంగు కణాలు పరుచుకుంటూ ముడుచుకుంటూ నేలకు తగ్గట్టు మారిపోతాయి. చచ్చాక ఆ రంగునసలే నమ్మలేం.

చేపను తడి పళ్ళెంలో కళ్ళు పైకి, పొట్ట అంచు మీ వైపు ఉండేలా పెట్టండి. ఏది పొట్టో ఏది వెన్నో తేల్చుకోవడంలోనే అందరికీ తికమక. తల వెనకే అంచు దగ్గర వేలితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా తగిలిన చోటే పేగులుంటాయి, అదే పొట్ట. ఇప్పుడు తల మీ ఎడమ చేతి వైపు ఉంటే కళ్ళు దాని ఎడమ పక్కన ఉన్నట్టు. నాలుక చేపలు ఈ కోవలోవే. తల కుడికి ఉంటే సోల్ అనే మరో చదును చేపల కుటుంబం కావచ్చు. సెట్టోడిస్ అనే చదును చేప ఒక్కటి రెండు రకాలుగానూ దొరుకుతుంది. దాని నోరు పెద్దది, వెన్ను రెక్క కళ్ళకు బాగా వెనక మొదలవుతుంది కాబట్టి పెద్ద టెన్షన్ లేదు.

ఎడమ అని తేలాక ఇంకో మూడు చూడండి. నాలుక చేపకు పక్క రెక్కలుండవు. వెన్ను రెక్క, పొట్ట కింది రెక్క తోకతో కలిసిపోయి మొనదేలి ఉంటాయి. ముక్కు చిలకముక్కులా నోటి మీదికి వంగుతుంది.

గుడ్డులోంచి వచ్చినప్పుడు దీనికీ కళ్ళు చెరో పక్కే. ఆ పిల్ల నీళ్ళలో తేలుతూ పెరుగుతుంది. పెరిగే కొద్దీ పుర్రె మెలిపడి, కుడి కన్ను ఎడమ పక్కకు జరిగి వస్తుంది. అప్పుడది అడుగుకు దిగి, ఇసుకో బురదో పైకి చిమ్ముకుని, కళ్ళు మాత్రం బయట పెట్టి పడుకుంటుంది. పురుగులు, చిన్న రొయ్యల్లాంటివి దాని తిండి. ఇసుక, బురద నేలలే దీని చోటు. మచ్చల నాలుక చేప, అంటే సైనోగ్లాసస్ పంక్టిసెప్స్, నదీ ముఖాల్లోకి కూడా వస్తుంది.

ఈ వారం పని: తోక నుంచి తలవైపు రెండు పక్కలా వేలితో నిమరండి. మచ్చల రకానికి రెండు పక్కలా గరుకుగా తగులుతుంది. కొన్ని రకాలకు అడుగు పక్క నునుపు. మీ చేప ఏదో రాసి ఉంచండి, పొలుసుల పాఠానికి అది కావాలి.