వర్డిల్‌లో ఐదు అక్షరాల ఇంగ్లిషు పదాన్ని పట్టుకోవడం ఎలా

ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లు కూడా వర్డిల్ అనే ఆన్‌లైన్ పదాల ఆటలో ఓడిపోతుంటారు. పదాన్ని చెవితో వెతకడమే ఇందుకు కారణం. ఈ ఆటకు ఉచ్చారణతో పని లేదు, ఏ గడిలో ఏ అక్షరం అన్నదే లెక్క. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ జాష్ వార్డిల్ 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులో పెట్టిన ఈ ఆటను 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. ఆరు ప్రయత్నాల్లో పదం పట్టుకోవాలి. ప్రతిసారీ ఐదు అక్షరాల పదం ఒకటి కొడితే, దాని ఒక్కో గడికీ ఒక రంగు వస్తుంది. ఆకుపచ్చ వస్తే అక్షరమూ చోటూ రెండూ సరే. పసుపు వస్తే అక్షరం ఉంది గానీ చోటు అది కాదు. బూడిద రంగు వస్తే ఆ అక్షరం లేదు. దీనికి మాత్రం ఒక మినహాయింపు ఉంది, కింద చూద్దాం.

మొదటి పదం ఊరికే తోచింది కొట్టేయకండి. ఆట మొదలైనప్పుడు జవాబులుగా పెట్టుకున్న పదాలు సుమారు 2,300. వాటిలో ఎక్కువగా కనిపించేవి ఇ, ఎ, ఆర్, ఓ, టి, ఎల్, ఐ, ఎస్, ఎన్, సి. మొదటి గడిలో ఎస్, చివరి గడిలో ఇ, వై బాగా వస్తాయి. అందుకే స్లేట్ (ఎస్-ఎల్-ఎ-టి-ఇ) మంచి ఆరంభం. అచ్చులు నాలుగున్నాయని చాలామంది ఆడియోతో మొదలుపెడతారు, అది మాకు నచ్చదు. అచ్చులు తెలిసినంత మాత్రాన పదం కంటికి ఆనదు. ఆర్, టి, ఎల్, ఎస్, ఎన్‌లలో రెండు మూడు ఉన్నాయో లేవో తేలితేనే పదానికి ఒక రూపం వస్తుంది.

పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఐదు గడులు గీసి, ఆకుపచ్చ అక్షరాన్ని గడిలో రాయండి. పసుపు అక్షరాన్ని అది రాకూడని గడి కింద రాయండి. పసుపు ఇచ్చే సమాచారంలో సగం ‘ఇక్కడ కాదు’ అన్నదే, దాన్నే అందరూ మర్చిపోతారు.

ఒక ఆట చూద్దాం. స్లేట్ కొడితే మూడో గడిలో ఎ ఆకుపచ్చ, మిగతా నాలుగూ బూడిద రంగు. ఇప్పుడు మధ్యలో ఎ ఉండి ఎస్, ఎల్, టి, ఇ లేని పదాలు కావాలి: బ్రాండ్, గ్రాండ్, డ్రెయిన్, ఛార్మ్, ఛెయిన్, క్రేజీ... వీటిలో ఆర్, ఎన్, ఐ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఆ మూడింటినీ ఒకేసారి పరీక్షించే పదం బ్రెయిన్ (బి-ఆర్-ఎ-ఐ-ఎన్). కొడితే ఐ ఆకుపచ్చ, ఆర్ పసుపు, బి, ఎన్ బూడిద రంగు. మూడు, నాలుగు గడులు నిండిపోయాయి. ఆర్ రెండో గడిలో కాదు కాబట్టి మొదటిదైనా కావాలి, ఐదోదైనా కావాలి. ఆర్‌తో మొదలై మూడు, నాలుగు గడుల్లో ఎ, ఐ వచ్చే మామూలు పదం లేదు. అంటే చివర ఎ-ఐ-ఆర్. ఫ్లెయిర్‌లో ఎల్ ఉంది, స్టెయిర్‌లో ఎస్, టి ఉన్నాయి, రెండూ పోయాయి. మిగిలింది ఛెయిర్. మూడో ప్రయత్నంలో అయిపోయింది.

అసలు ముప్పు నాలుగు ఆకుపచ్చలు వచ్చాక ఉంటుంది. నైట్ (ఎన్-ఐ-జి-హెచ్-టి) కొట్టారు, మొదటి అక్షరం తప్ప అన్నీ ఆకుపచ్చ. ఇక ఎయిట్, ఫైట్, లైట్, మైట్, రైట్, సైట్, టైట్, మొత్తం ఏడు. ఒక్కోటీ కొట్టుకుంటూ పోతే ప్రయత్నాలు చాలవు. జవాబు కాదని తెలిసీ ఫిల్మ్స్ (ఎఫ్-ఐ-ఎల్-ఎమ్-ఎస్) కొట్టండి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్‌లలో ఏదైనా వెలిగితే జవాబు దొరికినట్టే. ఏదీ వెలగకపోతే ఎయిట్, రైట్, టైట్ మూడే మిగులుతాయి. ఎస్ చేర్చిన బహువచనాలు సాధారణంగా జవాబులుగా రావు, కానీ ఇలా జల్లెడ పట్టడానికి పనికొస్తాయి. ఎ-టి-సి-హెచ్‌తో ముగిసే క్యాచ్, మ్యాచ్, వాచ్ గుంపూ, ఓ-యు-ఎన్-డి‌తో ముగిసే రౌండ్, సౌండ్, ఫౌండ్ గుంపూ ఇలాంటివే. హార్డ్ మోడ్ అనే కఠినమైన పద్ధతి ఎంచుకుంటే ఈ ఉపాయం కుదరదు, దొరికిన అక్షరాలను ప్రతిసారీ వాడి తీరాలి. కాబట్టి అక్కడ ఇలాంటి గుంపులోకి దిగకముందే వీలైనన్ని హల్లులు తేల్చుకోవాలి.

ఇప్పుడు మినహాయింపు. జవాబు లెమన్ (ఎల్-ఇ-ఎమ్-ఓ-ఎన్) అనుకోండి, మీరు హలో (హెచ్-ఇ-ఎల్-ఎల్-ఓ) కొట్టారు. మొదటి ఎల్ పసుపు, రెండో ఎల్ బూడిద రంగు. ఎల్ లేదని కాదు, ఒక్కటే ఉందని దాని అర్థం. పైగా అది మూడు, నాలుగు గడుల్లో లేదు. ఇంకో మాట: ఒక్క ఎల్ ఉన్న పదం కొట్టి అది వెలిగితే, జవాబులో రెండో ఎల్ ఉండదని భరోసా ఏమీ లేదు. మొదటి జాబితాలో దాదాపు మూడో వంతు పదాల్లో ఏదో ఒక అక్షరం రెండుసార్లు వస్తుంది. పదాలేవీ తోచనప్పుడు ముందు ఇదే అనుమానించండి.

పలకని అక్షరాలు కూడా దెబ్బ తీస్తాయి. నాక్ (కె-ఎన్-ఓ-సి-కె), రిస్ట్ (డబ్ల్యూ-ఆర్-ఐ-ఎస్-టి) లాంటివి చెవికి దొరకవు. రెండో గడిలో ఎన్ పడితే ముందు కె పెట్టి చూడండి, ఆర్ పడితే డబ్ల్యూ కూడా పెట్టి చూడండి. ఎ, ఇ, ఐ, ఓ నాలుగూ బూడిద రంగైతే యు, వై మిగిలాయి: లింఫ్ (ఎల్-వై-ఎమ్-పి-హెచ్), క్రిప్ట్ (సి-ఆర్-వై-పి-టి) ఇలాగే చిక్కుతాయి.

మనకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది స్పెల్లింగ్‌ది. బడిలో బ్రిటిష్ పద్ధతి నేర్చుకున్నాం, వర్డిల్‌ది అమెరికన్ పద్ధతి. మనం ఆరు అక్షరాలతో రాసే కలర్, హానర్, లేబర్, రూమర్ అక్కడ యు లేకుండా ఐదు అక్షరాలే. 2022 జనవరిలో ఫేవర్, ఫిబ్రవరిలో హ్యూమర్ ఇలాగే జవాబులుగా వచ్చాయి. చివరి రెండు గడుల్లో ఓ, ఆర్ పడ్డాయంటే ఈ పదాలన్నీ గుర్తుచేసుకోండి. ఫైబర్ చివర కూడా వాళ్లు ఆర్-ఇ రాయరు, ఇ-ఆర్ రాస్తారు.