కట్ పడ్డ చోటల్లా డైలాగ్ దొరికిపోతోందా?

షార్ట్ ఫిల్మ్ ఎడిట్ అయిపోయింది, బొమ్మ బాగానే ఉంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మాత్రం ఏదో తేడా కొడుతోంది. హన్మకొండలో మా రూముకు లాప్‌టాప్ పట్టుకుని వచ్చే తమ్ముళ్లు మొదట అడిగేది ఒకటే: "అన్నా, నాయిస్ తీసే ప్లగిన్ ఏది మంచిది?" ప్లగిన్ సంగతి తర్వాత, ముందు రోగం ఏదో చూద్దాం. నా దగ్గరికొచ్చిన వాటిలో సగానికి సగం అసలు నాయిస్ సమస్యలే కావు.

కట్ పడినప్పుడల్లా వెనక శబ్దం మారిపోతోంది

ఎక్కువ మందిది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతా. పరకాల దగ్గర ఒక ఊళ్లో పెంకుటింట్లో అమ్మాకొడుకుల సీన్ తీశాం. అమ్మ వైపు షాట్లు పొద్దున, కొడుకు వైపువి మధ్యాహ్నం. ఉక్కపోతకు తట్టుకోలేక ఎవరో ఫ్యాన్ వేశారు, పనిలో పడి ఎవరం చూసుకోలేదు. ఎడిట్‌లో కూర్చున్నాక తెలిసింది: అమ్మ మాట్లాడితే నిశ్శబ్దం, కొడుకు నోరు తెరిస్తే గుయ్‌మని మోత, మళ్లీ అమ్మ, మళ్లీ నిశ్శబ్దం. మోత అలాగే సాగితే చెవి దాన్ని వదిలేస్తుంది, టక్కున ఆగితేనే పట్టుకుంటుంది.

అమ్మ డైలాగులు ఒక ట్రాక్‌లో, కొడుకువి ఇంకో ట్రాక్‌లో వేయండి. కొడుకు క్లిప్పు రెండు చివరలా సాగదీసి, అమ్మ మాట కిందనుంచే ఫ్యాన్ మోత మెల్లగా లేచేలా, అతని మాట అయ్యాక మెల్లగా దిగేలా ఫేడ్ ఇవ్వండి. అమ్మ షాట్ల కింద కూడా అదే ఫ్యాన్ మోత సన్నగా పరిచేస్తే ఇల్లంతా ఒకటే ఇల్లు అవుతుంది. మాటల మధ్య దగ్గు, బల్ల చప్పుడు కోసేసిన గుంతలను ఉత్త ఖాళీగా వదలకండి, ఆ గది రూమ్ టోన్‌తోనే, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో ఉండే శబ్దంతోనే పూడ్చాలి.

రూమ్ టోన్ తీసుకోలేదా? తీసుకోరని నాకు తెలుసు. డైరెక్టర్ "యాక్షన్" అన్నాక ఆర్టిస్ట్ నోరు తెరిచే లోపు, డైలాగ్ అయిపోయి "కట్" అనే లోపు, అర సెకను, సెకను ముక్కలు దొరుకుతాయి. అన్ని టేకుల్లోంచీ ఏరి క్రాస్‌ఫేడ్‌లతో (ఒకటి దిగుతుంటే ఇంకోటి లేచేలా) అతకండి. ఒకే ముక్కను పదిసార్లు కాపీ కొడితే మాత్రం దానికో తాళం పుట్టి ఇంకా అధ్వానంగా తయారవుతుంది. ఇకమీదట లొకేషన్ వదిలే ముందు అందరినీ కదలకుండా నిలబెట్టి 30 సెకన్లు రికార్డ్ చేయండి. మోత రాకుండా ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం చెవి అందులోనే పెట్టండి, ఇంటికి పోయేటప్పుడు ఫ్రిజ్ ఆన్ చేయడం మర్చిపోరు.

నాయిస్ పోయింది, గొంతు కూడా పోయింది

నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉందంటే నాయిస్ రిడక్షన్ విపరీతంగా లాగారని అర్థం. ఆరు డెసిబెల్స్ తగ్గించి ఆపండి. మిగిలింది మీరు వేసే ఆంబియన్స్ (ఆ చోటు వెనక శబ్దం) కింద దాక్కుంటుంది. ఒకే శ్రుతిలో బుయ్‌మనే మోత అయితే వేరే మందు: అది కరెంటు హమ్, మన దగ్గర 50 హెర్ట్జ్. ఈక్యూలో, అంటే ఒక్కో శ్రుతిని విడిగా తగ్గించే టూల్‌లో, 50, 100, 150 దగ్గర సన్నగా కోస్తే చాలు. షూటింగ్‌లో అయితే లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి, మైక్ వైరును కరెంటు వైరు పక్కన పరచకండి.

రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పల్చగా ఉంది

కాలర్ మైక్, బూమ్ (కర్రకు కట్టి తల మీద పట్టే మైక్) రెండూ కలిపి వినిపిస్తున్నారు. శబ్దం 34 సెంటీమీటర్లు పోవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది కాబట్టి ఒకే మాట రెండు మైకులకూ వేర్వేరు సమయాల్లో చేరి ఒకదాన్నొకటి కొట్టుకుంటుంది. ఏదో ఒకటే ఉంచండి. నేనైతే బూమ్ ఉంచుతా.

పెదాలు ముందు, మాట వెనక

సీన్ మొత్తం ఒకే తేడా ఉంటే క్లిప్పు జరిపితే సరిపోతుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను జారుతోందంటే స్పీడ్ తేడా. సెకనుకు 23.976 ఫ్రేములతో తీసింది 24గా నడిస్తే పది నిమిషాలకు 0.6 సెకను జారుతుంది, పెదాల మీద అది బాగా కనిపిస్తుంది. ఫోన్‌తో తీసినవాళ్లకు ఇంకో తలనొప్పి: ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు. ఎడిట్ మొదలుపెట్టకముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కు మార్చుకోండి, అది ఉచితమే.

డబ్బింగ్ అని ఇట్టే తెలిసిపోతోంది

సగం తప్పు మైకుది. డబ్బింగ్ బూత్‌లో మైకు నోటికి ఆనించి రికార్డ్ చేస్తే పొలం గట్టు మీద ఉన్న మనిషి చెవిలో గుసగుసలాడినట్టు ఉంటుంది. కనీసం రెండడుగుల దూరం పెట్టండి, నిలబెట్టి చెప్పించండి. మిగతా సగం తప్పు కాగితానిది. లొకేషన్‌లో "నేను పోతున్ననే, నువ్వుండు" అని ఊరి మాట మాట్లాడిన పిల్ల, బూత్‌లో కాగితం చేతిలో పెట్టగానే టెన్షన్‌తో "నేను పోతున్నానే, నువ్వు ఉండు" అని పాఠం అప్పజెప్పింది. పదాలు అవే, ఆ సాగతీతకు పెదాలు ఎక్కడ కలుస్తాయి? కాగితం లాక్కుని, పైలట్ ట్రాక్‌లో (షూటింగ్‌లో రికార్డయిన ఆడియో) ఆ ఒక్క లైను మూడుసార్లు చెవిలో వినిపించి వెంటనే చెప్పమన్నాం, రెండో టేకుకే పడింది. పైలట్ ఎంత చెత్తగా ఉన్నా డిలీట్ చేయొద్దనేది ఇందుకే.

మన వీధి మనదిలా లేదు

డౌన్‌లోడ్ చేసిన ట్రాఫిక్ వేశారు, అందులో ఆటో లేదు, హారన్ లేదు! చౌరస్తాలో సాయంత్రం ఐదు నిమిషాలు, భద్రకాళి చెరువు కట్ట మీద తెల్లవారుజామున ఐదు నిమిషాలు, కాజీపేట స్టేషన్ బయట ఇంకో ఐదు, ఫోన్‌తో తీసినా పర్లేదు, మీ సొంత లైబ్రరీ మొదలైనట్టే. ఫోల్డర్ పేరులో చోటు, సమయం రాసుకోండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఏది ఏదో తెలియక మళ్లీ డౌన్‌లోడ్లకే పోతారు.

కోపంతో అరిచిన మాట పగిలిపోయింది

పగిలింది ఒక్క అక్షరమే అయి ఉంటుంది. "ఇంట్లోంచి పో!"లో "పో" పగిలితే, వేరే టేకులో అదే "పో" వెతికి, "చి" అయ్యాక ప కోసం పెదాలు మూసుకునే ఆ చిన్న ఖాళీలో అతకండి. అతుకు అక్కడ పడితే నాకే మళ్లీ దొరకదు.