ఇంటికి వెళ్లి మాట్లాడటం: ఫారం తీయడానికి ముందు

కుటుంబ విచారణకు, అంటే ఇంటి పరిస్థితి తెలుసుకోవడానికి, వెళ్లిన సామాజిక కార్యకర్త పని చాలాసార్లు మొదటి పది నిమిషాల్లోనే చెడుతుంది. కూర్చోగానే ఫారం తీసి పేరు, కులం, ఆదాయం అడిగితే ఇంటివాళ్లకు అది పింఛను సర్వేలా కనిపిస్తుంది. ఆదాయం తగ్గించి చెబుతారు, పరువుకు సంబంధించింది దాస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కాబట్టి ఫారం కాసేపు సంచిలోనే ఉండనివ్వండి.

వేళ చూసుకుని వెళ్లాలి. పత్తి ఏరే రోజుల్లో పదకొండింటికి వెళితే ముసలివాళ్లు, చంటిపిల్లలే దొరుకుతారు. పొద్దున 7 లోపు గానీ, సాయంత్రం 6 దాటాక గానీ వెళ్లండి. బండి వాళ్ల వాకిట్లో ఆపితే ఊరంతా ఆరా తీస్తుంది. ఇల్లు చూపించడానికి ఆశా కార్యకర్త సాయం తీసుకోవచ్చు. ఇంటి గొడవ సంగతైతే మాత్రం ఆమెను గడప బయటే ఉండమనాలి. ఆమెదీ ఆ ఊరే, ఒక్కోసారి ఆ ఇంటి చుట్టమే. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లో కొందరు పెద్దలు మనసులో మాట లంబాడీలోనే చెప్పగలరు. అప్పుడు ఇంటి పిల్లను మధ్యలో పెట్టి మాట్లాడకండి. తల్లి బిడ్డ ముందు చెప్పలేని మాటే మీరు తెలుసుకోవాల్సింది.

మీరెవరు, ఎవరు పంపారు, ఎంతసేపు ఉంటారు అన్నవి ముందే చెప్పండి. ముప్పావుగంట చాలు. "ఎవ్వరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. "అక్కా, మీ ఇంటి ముచ్చట ఊర్ల ఎవ్వరికీ చెప్ప. ఎవరి పానానికన్న ముప్పుంటే, పిల్లలకు అన్యాయమైతే మాత్రం పైన చెప్పాలె" అంటే సరిపోతుంది.

మొదటి ప్రశ్న ఇది: "నిన్న రాత్రి ఈ ఇంట్ల ఎవరెవరు పన్నరు?" రేషన్ కార్డులో ఉన్న కొడుకు ముంబైలో ఉంటాడు, కార్డులో లేని మనవరాలు ఇక్కడే తింటుంటుంది. తర్వాత నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రోజంతా చెప్పించండి. నీళ్లు ఎవరు తెచ్చారు, ఎవరు చివర తిన్నారు, చిన్నపిల్ల ఎవరి దగ్గరుంది అన్నవి అడగకుండానే వస్తాయి. సగం ఫారం అక్కడే నిండుతుంది.

"ఎందుకు" అన్న మాట వాడకపోవడం మేలు. "బిడ్డను బడికెందుకు పంపుతలేవు?" అంటే తల్లికి నింద వేసినట్టే వినిపిస్తుంది. "బడికి పోక ఎన్ని దినాలైంది? ఆ రోజు ఏమైంది?" అని అడగండి. "కొడుతడా?" అంటే "లేదు" అనేస్తుంది. "మాటా మాటా పెరిగితే ఇంట్ల ఏమైతది?" అంటే చెబుతుంది, అదీ అత్త పక్కన లేనప్పుడే. అప్పు సంగతి వలస కుటుంబాల్లో ముక్కలుగా అడగాలి: పనికి తీసుకెళ్లే మేస్త్రి దగ్గర ఎంత తీసుకున్నారు, ఎన్ని నెలల పనికి, ఎవరి పేరు మీద, పిల్లలూ వెంట పోతారా, మధ్యలో తిరిగొస్తే ఏమంటాడు. చివరి దానికి "రానియ్యడు" అని జవాబొస్తే అది ఇంటి అప్పుగా మిగలదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుందేమో చూడాల్సిన సంగతి.

తేదీలు పండుగలతో పట్టండి: బతుకమ్మకు ముందా, ఉగాది దాటినంకనా? పీర్ల పండుగ అన్నారంటే ఏ ఏడాదో కూడా అడగాలి, అది ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది.

పిల్లలతో విడిగా, కానీ అందరికీ కనబడే చోట మాట్లాడండి. అదే ప్రశ్న రెండోసారి వేస్తే ముందు చెప్పింది తప్పేమోనని పిల్లలు జవాబు మార్చేస్తారు. లైంగిక హింస మాట నోటి నుంచి వస్తే వివరాలు తవ్వకండి. పిల్ల వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, అక్కడితో ఆపి, ఫిర్యాదు చేయండి.

నోట్సులో మూడు గళ్లు గీయండి: చూసింది, విన్నది, అనుకున్నది. "పిల్లల్ని పట్టించుకోరు" అన్నది మూడో గడిలోది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. పిల్లవాడి పళ్ల మీద గోధుమరంగు మరకలు చూసి పళ్లు తోమరని రాస్తే తప్పే. పంటి పైపొర (ఎనామిల్) ఏర్పడే వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పడే గుర్తులవి, తోమితే పోవు. తండ్రి నడుము వంగకపోవడం కూడా బద్ధకం కాకపోవచ్చు, ఆ నీళ్ల వల్లే కావచ్చు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలు బక్కగా కనిపిస్తే అంగన్‌వాడీ టీచర్‌తో జబ్బ చుట్టుకొలత తీయించండి. 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం, వెంటనే ఆసుపత్రికి పంపాలి.

బంధాల బొమ్మ అక్కడే వాళ్ల ముందే గీయండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, చనిపోయినవాళ్ల మీద అడ్డంగా గీతలు, ఒక్క పొయ్యి మీద తినేవాళ్ల చుట్టూ చుక్కల గీత. బలమైన బంధానికి లావు గీత, గొడవకు వంకర గీత. మేస్త్రి దగ్గరికి చాలా ఇళ్ల నుంచి రెండూ పడతాయి.

ప్రాణభయం ఉంటే విచారణ ఆపి 1098 (పిల్లల హెల్ప్‌లైన్) గానీ, 181 (మహిళల హెల్ప్‌లైన్) గానీ, 112 (అత్యవసర సాయం) గానీ ఫోన్ చేయండి. రక్షణ అవసరమైన పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందు 24 గంటల్లో, ప్రయాణ సమయం కాక, హాజరుపరచాలి. సామాజిక విచారణ నివేదికకు బాలల న్యాయ చట్టంలో 15 రోజుల గడువుంది. అందులో రెండోసారి ఇంటికి వెళ్లడానికి ఒక రోజు పక్కన పెట్టండి. మొదటిసారి తండ్రి ఒకటి, నానమ్మ ఇంకొకటి చెప్పి ఉంటే రెండూ రాయండి, ఎవరు చెప్పారో పక్కనే రాసి.