బోట్స్వానా డిటెక్టివ్ నవలలను ఎలా చదవాలి

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ వెంట పరుగులు తీసిన తెలుగు పాఠకులు, అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో ‘ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ’తో ప్రారంభించిన నవలలను అదే వేగంతో చదివితే నిరాశపడక తప్పదు. తండ్రి వదిలివెళ్లిన పశువులను అమ్మి ఆఫ్రికా దేశమైన బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన ప్రెషస్ రమోట్స్వే వద్దకు వచ్చేవి చాలావరకు సంసారాల్లోని చిక్కులే కనుక, దోషి ఎవరన్న ఆత్రుతను పక్కన పెట్టి, ఆమె మనుషులను ఎలా అంచనా కడుతుందో గమనిస్తూ చదవాలి.

మొదటి నవలలో ఒక యువతి ఇంట్లో, తానే ఆమె తండ్రినంటూ ఒకడు తిష్ఠ వేస్తాడు. రమోట్స్వే నర్సు వేషంలో వెళ్లి, కూతురికి ప్రమాదం జరిగిందనీ, ఆమెకు కావలసినంత రక్తం ఇస్తే తండ్రి ప్రాణానికే ముప్పనీ చెప్పగానే, అతడు తాను తండ్రిని కానని ఒప్పుకుంటాడు. గుట్టు ముందే విప్పినందువల్ల నష్టమేమీ లేదు. మర్యాద రామన్న తీర్పు ఏమిటో తెలిసినా ఆ కథను మళ్లీ చెప్పించుకుని వింటాం కదా.

పశువుల గురించి, వాన గురించి, ఎర్రని రూయిబోస్ టీ గురించి వచ్చే పేజీలను దాటవేయకండి. కలహారి ఎడారి పరచుకున్న ఆ దేశంలో ఒక వాన కురవడం, ఒక మంద బతకడం కుటుంబాల స్థితిగతులనే మార్చివేస్తాయి. రమోట్స్వే తండ్రి ఓబెడ్ దక్షిణాఫ్రికా గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుని కూడబెట్టినదే ఆ మంద. భర్త చేతి దెబ్బలు, పుట్టిన కొద్దికాలానికే పోయిన బిడ్డ కూడా ఆమె గతంలో ఉన్నాయి. ఈ బరువును గుర్తుంచుకోకపోతే నవల వట్టి తీపి కబుర్లలా అనిపిస్తుంది.

తరువాతి నవలలను వరుసక్రమంలోనే చదవాలి. సెక్రటరీ పరీక్షలో 97 శాతం మార్కులు తెచ్చుకున్నానని పదేపదే చెప్పుకునే ఏజెన్సీ సెక్రటరీ మకుట్సీ ఎదుగుదల అప్పుడే తెలుస్తుంది. అయితే ఏకబిగిన నాలుగైదు చదివితే మొహం మొత్తుతుందని నా అభిప్రాయం.

బులవాయోలో పుట్టి, బోట్స్వానాలో న్యాయశాస్త్రం బోధించిన రచయిత ఆ దేశాన్ని అతిథి ప్రేమతో చూశాడు. అదే 1998లో బోట్స్వానా హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయిన యూనిటీ డౌ, ‘ది స్క్రీమింగ్ ఆఫ్ ది ఇన్నోసెంట్’లో క్షుద్రవైద్యం కోసం జరిగిన ఒక బాలిక హత్యను, దాన్ని కప్పిపుచ్చిన అధికారులను కోపంతో చిత్రించారు. మెకాల్ స్మిత్ మొదటి నవలలో తప్పిపోయిన బాలుడి కథ వెనుక ఉన్నదీ ఆ భయమే. ఆ నవల ముగించాక డౌ నవల చదివి, ఆపైన రెండో భాగానికి వెళ్లండి.